ఇల్లలకగానే పండుగ కాదు: చదరంగంలో చివరి ఘట్టం

ఓడిపోవలసిన ఆట ఓడిపోతే మనిషికి రాత్రి నిద్ర పడుతుంది. గెలిచిన ఆటను గెలవలేకపోతే మాత్రం పట్టదు. ఈ సంగతి చదరంగం ఆడేవారెవరికీ నేను చెప్పనక్కరలేదు. కంచంలో వడ్డించిన అన్నం నోటి దాకా వచ్చి జారిపోయినట్టుంటుంది.

నా ఇరవయ్యో ఏట జిల్లా పోటీలలో చివరి ఆట ఆడుతున్నాను. గెలిస్తే రాష్ట్ర పోటీలకు పోతాను. సమానమైతే ఇంటికి పోతాను. అంతే తేడా. నాలుగు గంటలు ఆడిన తరువాత బల్లమీద మిగిలినవి మూడు పావులు. నాకు రాజూ, బంటూ; అవతలి పెద్దమనిషికి ఒంటరి రాజు. ఎత్తు నాది. చుట్టూ నిలబడ్డవారిలో ఒకరు నా భుజం తట్టి వెళ్ళారు కూడాను.

పావులు ఎక్కడెక్కడ ఉన్నవో చెబుతాను. బల్ల ఉన్నవారు పెట్టి చూసుకోవచ్చు. నిలువు వరుసలను తెల్లవారి ఎడమచేతి వైపునుంచి ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అంటారు. అడ్డవరుసలను తెల్లవారి దగ్గరనుంచి 1 మొదలు 8 దాకా లెక్కిస్తారు. నాది తెలుపు. నా రాజు డి4 గడిలో, బంటు ఇ3లో, ఆయన రాజు ఇ7లో.

బంటును ఎనిమిదో వరుసకు చేరిస్తే మంత్రి అవుతుంది. మంత్రి వస్తే ఆటకట్టు. కనుక ఆలస్యమెందుకని బంటును ఇ4కు తోశాను. ఆయన తొందరపడలేదు. రాజును డి6లో, సరిగ్గా నా రాజుకు ఎదురుగా పెట్టాడు. నేను తోస్తున్నాను, ఆయన వెనక్కు తగ్గుతున్నాడు, మళ్ళీ ఎదురు నిలుస్తున్నాడు. నా తొమ్మిదో ఎత్తు అయ్యేసరికి ఆయన రాజు ఇ8లో, నా బంటు ఇ7లో, నా రాజు ఇ6లో ఉన్నవి. ఆయన రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. ఆట సమం! ఆయన లేచి చేయి కలిపి, “బాగా ఆడావు బాబూ” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మేష్టారి పెట్టె

మా వీధి చివర రిటైరైన లెక్కల మేష్టారొకరుండేవారు. సాయంత్రం అరుగుమీద కూర్చుని నన్ను పిలిచారు.

“ఏమోయ్, ముఖం వేళ్ళాడేశావేం?”

చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళి ఒక పాత చెక్కపెట్టె తెచ్చారు. ముప్పై రెండు పావులుండవలసిన పెట్టెలో పదకొండే ఉన్నవి. తక్కినవి మనుమలు ఎప్పుడో పోగొట్టారట. చాలని బంట్లకు చింతపిక్కలు పెట్టుకునేవారు.

“ఈ పెట్టెతో ఆటెట్లా ఆడతారు మేష్టారూ?” అన్నాను.

“ముప్పై రెండింటితో ఆడడం అందరికీ వచ్చునోయ్. మూడింటితో ఆడి చూపించు” అన్నారు.

నా ఆటనే మళ్ళీ పెట్టించారు. నేను బంటును తోశాను. ఆయన సమం చేశారు. తరువాత బల్ల తిప్పి తెలుపు తాను తీసుకున్నారు. బంటును ముట్టుకోలేదు. రాజును డి4నుంచి ఇ5కు ఎక్కించారు. నా రాజు ఇ7లో ఉంది, మధ్య ఒకే గడి, ఎత్తు నాది. కుడికి తప్పుకుంటే ఆయన ఎడమనుంచి, ఎడమకు తప్పుకుంటే కుడినుంచి చొచ్చుకు వచ్చారు. రాజు ఆరో వరుసకు చేరిన తరువాతగాని బంటు లేచి నడవలేదు. అప్పుడిక దానికి అడ్డెవరూ లేరు.

“ఆట మొదట్లో బంట్లు ముందు నడుస్తాయి, రాజు కోటలో దాక్కుంటాడు. పావులు తగ్గినకొద్దీ భయం తగ్గాలి. చివర్లో రాజే ముందు నడవాలి. నువ్వు బంటును పంపించి రాజును కూర్చోబెట్టావు” అన్నారాయన.

ఆటకు వెళ్ళేముందు నేను ఆరంభపు ఎత్తులు వందలకొద్దీ వల్లె వేశాను. ఆ ఒక్క మాట మాత్రం నేర్చుకోలేదు.

ఎవరు తప్పుకోవాలి?

ఇరుకు సందులో ఇద్దరు ఎదురుపడ్డారనుకోండి. ఎవరో ఒకరు పక్కకు తప్పుకోవాలి. చదరంగంలో రెండు రాజులు మధ్య ఒక గడి వదిలి ఎదురెదురుగా నిలిస్తే, ఎత్తు ఎవరిదైతే వారు తప్పుకోవాలి. ‘నేను కదలను’ అనే హక్కు ఈ ఆటలో లేదు. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని ‘అపొజిషన్’ అంటాయి. అవతలివాడి ఎత్తు వచ్చేటట్టు ఎదురు నిలవడమే ఇందులో విద్య.

ఇది చిన్నపిల్లల పాఠం గదా అనుకోకండి. 2024 డిసెంబరు 12న సింగపూరులో ప్రపంచ విజేత పదవికి 14వ ఆట, అంటే చివరి ఆట, జరిగింది. అప్పటికి ఇద్దరికీ చెరి ఆరున్నర పాయింట్లు. తెల్లపావులతో చైనాకు చెందిన డింగ్ లిరెన్, నల్లపావులతో చెన్నైలో పెరిగిన తెలుగువారి అబ్బాయి గుకేశ్. ఇద్దరికీ చెరొక ఏనుగు, చెరొక శకటు మిగిలాయి. (మన పాత పేర్లు మరచినవారికి: ఏనుగంటే రూక్, శకటంటే బిషప్.) గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. అయినా జాగ్రత్తగా ఆడితే ఆట సమం కావలసినదే. 55వ ఎత్తులో డింగ్ తన ఏనుగును ఎఫ్2కు తెచ్చి ఏనుగుల మార్పిడికి ఒప్పుకున్నాడు. ఆయన శకటు మూలన ఏ8లో ఉంది. అక్కడినుంచి దానికి ఒకటే దారి. గుకేశ్ ఏనుగును కొట్టి, తన శకటును ఆ దారికి అడ్డంగా డి5లో పెట్టాడు. శకట్లు కూడా మారక తప్పలేదు. మిగిలినవి రాజులూ, బంట్లూ.

58వ ఎత్తులో డింగ్ రాజు ఇ3లో, గుకేశ్ రాజు ఇ5లో నిలిచారు. మధ్య ఒక గడి. ఎత్తు డింగ్‌ది. తప్పుకోవలసినవాడు ఆయనే. ఆట అక్కడే వదిలేశాడు. ఏడున్నరకు ఆరున్నరతో, పద్దెనిమిదేళ్ళ వయస్సులో గుకేశ్ ప్రపంచ విజేత అయ్యాడు. ఆ రాత్రి ఆ స్థితి చూస్తూ నాకు మేష్టారి అరుగే కళ్ళకు కట్టింది.

ఇందులో ఇంకొక నీతి ఉంది. చివరి ఘట్టంలో పావులు మార్చుకోవడం చిల్లర మార్చుకోవడం వంటిది కాదు. మార్చిన తరువాత మిగిలే బంట్ల ఆట గెలుస్తుందా, ఓడుతుందా అని చివరిదాకా లెక్క కట్టకుండా ఆఖరి పావును ఇవ్వకూడదు.

ఒకే దారిలో రెండు పనులు

లెక్క అన్నాను గనుక ఒక తేలికైన లెక్క చెబుతాను. ఒంటరిగా పరుగెత్తే బంటును అవతలి రాజు పట్టుకోగలదా లేదా తెలుసుకోవడానికి ఎత్తులు ఒక్కొక్కటే లెక్కపెట్టనక్కరలేదు. బంటునుంచి చివరి గడి దాకా ఎంత దూరమో, అంత చదరం గీసుకోండి. ఏ4లో బంటు ఉంటే ఏ4, ఏ8, ఇ8, ఇ4 ఆ చదరానికి మూలలు. తన ఎత్తులో రాజు ఆ చదరంలో అడుగు పెట్టగలిగితే బంటు చిక్కుతుంది. పెట్టలేకపోతే చిక్కదు. మొదటి గడి వదలని బంటు ఒకేసారి రెండు గళ్ళు దూకవచ్చు గనుక, దానికి చదరం ఒక గడి ముందునుంచి గీయాలి.

ఈ లెక్క వచ్చిందని గర్వపడేవారి కోసం రిచర్డ్ రేటీ 1921లో ఒక సమస్య కట్టాడు. తెల్లరాజు హెచ్8లో, తెల్లబంటు సి6లో. నల్లరాజు ఏ6లో, నల్లబంటు హెచ్5లో. ఎత్తు తెల్లవారిది. తెల్లరాజు నల్లబంటుకు రెండడుగులు వెనుకబడి ఉంది. నల్లరాజు తెల్లబంటును రెండెత్తులలో కొట్టేస్తుంది. చూసినవాడెవడైనా తెలుపు ఓడిందనే అంటాడు. ఓడదు!

రాజు హెచ్ వరుస వెంట తిన్నగా బంటును తరమడు. జి7, ఎఫ్6, ఇ5 అని మూలగా దిగుతాడు. చదరంగంలో మూలగా నడిచినా తిన్నగా నడిచినా ఎత్తులు అన్నే. ఆ నడకలో రాజు ఒక కాలు అవతలి బంటు వైపూ, ఒక కాలు తన బంటు వైపూ వేస్తున్నాడు. ఇ5కు వచ్చేసరికి నల్లరాజు తెల్లబంటును కొడితే, ఈ రాజు ఎఫ్4కు దిగి నల్లబంటును పట్టుకుంటాడు. కొట్టకుండా నల్లబంటు పరుగెత్తితే, ఈ రాజు డి6కు పోయి తన బంటును కాస్తాడు. ఇద్దరికీ మంత్రులు పుడతారు. ఆట సమం. సంతకు పోతూ దారిలో చుట్టాన్ని పలకరించి వచ్చినట్టు, ఒకే దారిలో రెండు పనులు! ఇంట్లో ఎవరితోనైనా ఈ నాలుగు పావులు పెట్టి పందెం వేయండి. నెగ్గుతారు.

ఏనుగుల తగవు

నిజమైన ఆటలలో అన్నిటికంటె ఎక్కువగా వచ్చేది ఏనుగుల చివరి ఘట్టం. దీనికి రెండు స్థితులు కంఠస్థం చేస్తే చాలావరకు గట్టెక్కవచ్చు.

మొదటిది ఓడేవాడికి కాపు. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి సంగీతకారుడు ఫిలిడార్ పేరుమీద ఉన్నది. మీకు రాజూ, ఏనుగూ. అవతలివాడికి రాజూ, ఏనుగూ, ఒక బంటూ. మీ రాజు ఆ బంటు దారిలో చివరి గడి దగ్గర ఉన్నాడు. మీ ఏనుగును మీ వైపునుంచి మూడో అడ్డవరుసలో నిలపండి. అవతలి రాజు ఆ వరుసలోకి అడుగు పెట్టలేడు. గత్యంతరం లేక వాడు బంటును ఆ వరుసలోకి తోస్తాడు. అదే సమయం! మీ ఏనుగు చివరి వరుసదాకా దూరంగా పోయి వెనుకనుంచి చెక్ మీద చెక్ ఇవ్వాలి. బంటు ముందుకు పోయింది గనుక దాని చాటున దాక్కోవడానికి వాడి రాజుకు చోటు లేదు. ఆట సమం.

రెండవది గెలిచేవాడికి. దానిని లూసెనా స్థితి అంటారు గాని, 1497 నాటి లూసెనా గ్రంథంలో అది లేదు. 1634లో వచ్చిన సాల్వియో గ్రంథంలో ఉంది. మీ బంటు డి7లో, మీ రాజు దాని ముందు డి8లో ఇరుక్కుని ఉన్నాడు. మీ ఏనుగు ఎఫ్1లో ఉండి, జి7లోని అవతలి రాజును ఇవతలికి రానివ్వడం లేదు. అవతలి ఏనుగు సి2లో ఉండి మీ రాజును సి వరుసలోకి రానివ్వడం లేదు. తొందరపడి రాజు ఇ7కు వస్తే చెక్ మీద చెక్ పడుతుంది. ముందుగా ఏనుగును ఎఫ్4కు తేవాలి. అప్పుడు రాజు బయటికి వచ్చి, చెక్‌లు తప్పించుకుంటూ ఒక్కొక్క మెట్టే దిగి డి5 దాకా రావాలి. ఆఖరి చెక్‌కు ఏనుగును డి4లో అడ్డం వేస్తే ఇక చెక్‌లు లేవు. దీన్ని ‘వంతెన కట్టడం’ అంటారు. వంతెన కట్టనివాడు ఏరు దాటలేడు.

జర్మన్ డాక్టరు టారష్ చెప్పిన సూత్రం ఒకటుంది. దారి తెరిచి ఉన్న బంటు మీదైనా, అవతలివాడిదైనా, మీ ఏనుగు దాని వెనుక ఉండాలి. 1927లో బ్యూనస్ అయిరిస్‌లో అలెఖిన్ ఈ సూత్రంతోనే కాపబ్లాంకా పదవి ఊడగొట్టాడు. 34వ ఆటలో ఏ వరుస బంటు వెనుక అలెఖిన్ ఏనుగు నిలిచింది. దానికి ముందు కాపబ్లాంకా ఏనుగు కాపలా కాసింది. వెనుక ఉన్న ఏనుగుకు బంటు కదిలినకొద్దీ చోటు పెరుగుతుంది. ముందున్న ఏనుగుకు తగ్గుతుంది. కాపబ్లాంకా అంతటి చివరి ఘట్టపు మహామహుడికీ ఆ ఆటలో ఓటమి తప్పలేదు.

కాపబ్లాంకా తన 1921 నాటి పుస్తకాన్ని ఆరంభపు ఎత్తులతో మొదలుపెట్టలేదు. మొదటి పుటలలోనే సులువైన ఆటకట్టులూ, బంట్ల ముగింపులూ చెప్పాడు. తక్కువ పావులుంటే ఒక్కొక్క పావు బలం విడివిడిగా కనబడుతుంది. గుణింతం రాకముందు పద్యం మొదలుపెట్టకూడదని మన బడి పంతుళ్ళు చెప్పేది కూడా ఇదే.

ఈ మాటకు మన దేశంలోనే ఒక నిదర్శనం ఉంది. పంజాబునుంచి ఇంగ్లండు వెళ్ళిన సుల్తాన్ ఖాన్ దేశవాళీ చదరంగంలో పెరిగినవాడు. అందులో బంటు మొదటి ఎత్తులో రెండు గళ్ళు దూకదు. అందువల్ల పడమటి పుస్తకాలలోని ఆరంభపు ఎత్తులతో ఆయనకు పరిచయం తక్కువ. ఎన్నో ఆటలు ఇబ్బందిగానే మొదలయ్యేవి. కాని పావులు తగ్గినకొద్దీ ఆయన బలం పెరిగేది. 1929, 1932, 1933 సంవత్సరాలలో బ్రిటిష్ విజేత అయ్యాడు. 1930-31 హేస్టింగ్స్ పోటీలో కాపబ్లాంకానే ఓడించాడు. ప్రపంచ చదరంగ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టరు బిరుదు ఇచ్చినది 2024లో, ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు.

సాధన ఎట్లా?

పూర్వం పెద్ద పోటీలలో ఆట సాగకపోతే వాయిదా వేసేవారు. తరువాతి ఎత్తు రాసి కవరులో పెట్టి అంటించేవారు. రాత్రంతా పుస్తకాలు తిరగవేసి మర్నాడు వచ్చి ఆడేవారు. 1990 దశకంలో ఆ ఆచారం పోయింది. ఇప్పుడు నాలుగైదు గంటలు ఆడి అలసిన తరువాత, చాలా పోటీలలో ఎత్తుకు ముప్పై సెకన్లు మాత్రమే కలుస్తూ ఉండగా, చివరి ఘట్టం ఆడాలి. అప్పుడు ఆలోచించడానికి వ్యవధి ఉండదు. ముందే వచ్చి ఉండాలి.

నాకు పనికివచ్చిన పద్ధతి చెబుతాను. రోజుకు అరగంట చాలు. వారానికి ఒకే స్థితి తీసుకోండి. మొదటి వారం రాజూ బంటూ, రెండో వారం ఫిలిడార్, మూడో వారం వంతెన. ఒక్కొక్క స్థితినీ రెండు వైపులనుంచీ ఆడాలి. గెలిచే వైపు మాత్రమే నేర్చినవాడు సగమే నేర్చాడు. ఎత్తులు వల్లె వేయవద్దు. ఆ ఎత్తు ఎందుకో పక్కవారికి నోటితో చెప్పండి. చెప్పలేకపోతే రాలేదన్నమాట.

ఇప్పుడు యంత్రాలున్నవి. ఏడు పావులు, అంతకు తక్కువ ఉన్న స్థితులన్నిటికీ సరియైన ఫలితం కంప్యూటర్లు లెక్కకట్టి పెట్టాయి. 2012లో మాస్కోలో ఈ ఏడు పావుల పట్టికలు తయారయ్యాయి. ఇది గొప్ప వరమే. కాని ముందు మీరు ఆడి, తప్పు చేసి, ఆ తరువాత యంత్రాన్ని అడగండి. ముందే అడిగితే లెక్కల పుస్తకం వెనుక జవాబులు చూసి రాసిన పిల్లవాడి చదువే అవుతుంది.

మరొకటి. మీరు పోగొట్టుకున్న ముగింపులు ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. నా పుస్తకంలో మొదటి పుట జిల్లా పోటీ ఆట. ఏడో పుటలో ఇంకొక సిగ్గుచేటుంది. నాకు శకటూ, హెచ్ వరుసలో బంటూ ఉండి కూడా ఆట సమమైంది. బంటు మంత్రి కావలసిన మూల గడి నలుపు, నా శకటు తిరిగేది తెల్లగళ్ళలో. అవతలి రాజు ఆ మూలన కూర్చుంటే ఎవరూ లేపలేరు. ఈ సంగతి తెలియక అంతకు ముందే మంచి బంటును ఇచ్చి ఆ బంటును ఉంచుకున్నాను.

మేష్టారు పోయి చాలా ఏళ్ళయింది. వారి అబ్బాయి ఆ చెక్కపెట్టె నాకిచ్చాడు. పోయిన వేసవి సెలవులకు మా తమ్ముడి కూతురు వచ్చింది. పదేళ్ళది. కంప్యూటరులో ఆడుతుంది, ఆరంభపు ఎత్తుల పేర్లు గడగడ చెబుతుంది. పెట్టె తెరిచి మూడు పావులు పెట్టాను. తెల్లరాజు డి4, బంటు ఇ3, నల్లరాజు ఇ7.

“ఇంతేనా పెదనాన్నా! నేనే గెలుస్తాను” అని బంటును తోసింది. సమం చేశాను. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తోసింది. మళ్ళీ సమం. దానికి ఏడుపు వచ్చింది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది గాని, మేష్టారు నాకు ఒక్కసారి ఆడి చూపించింది గుర్తుకు వచ్చి, బల్ల తిప్పి నేను తెలుపు తీసుకున్నాను. రాజును ఇ5కు ఎక్కించాను. అది చాలాసేపు బల్లవంక చూసింది. తన రాజును ఎటూ తిప్పలేదు.

“ఆగు పెదనాన్నా” అని బల్ల తనవైపు తిప్పుకుంది. పావులు మొదటిచోట్ల పెట్టుకుంది. బంటుమీదికి పోయిన చేయి వెనక్కు తీసుకుని, రాజును పట్టుకుని ముందుకు పెట్టింది.

ఆ ఆట నేను ఓడిపోయాను. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.